ఒకటిన్నర సెకను

మాంటెవీడియోలో మా పేట పేరు లా తేహా.
తేహా అంటే పెంకు.
మా థియేటరు కప్పు మాత్రం రేకు.
వాన పడితే ఏ నాటకమైనా మూకాభినయమే.

ఒకప్పుడది వడ్రంగి షెడ్డు.
ఇప్పటికీ ఎవరైనా గట్టిగా తుమ్మితే
దూలాల మీంచి రంపపుపొట్టు రాలుతుంది.
నలభై రెండు కుర్చీలు. వాటిలో మూడు
కూర్చున్నవాణ్ణి లేవనివ్వవు.
తెర కొనడానికి డబ్బుల్లేక నెలీదా
వాళ్ళమ్మ సోఫా గుడ్డలు కలిపి కుట్టించింది,
ఆకుపచ్చ మీద నారింజపళ్ళు.
ఆ తెర ముందు విషాదం కూడా ఆడాం ఓసారి.
జనం నవ్వారు.
మా దారేదో అప్పుడు తెలిసొచ్చింది.

నాలుగు నాటికలు, తలా పన్నెండు నిమిషాలు.
శవపేటిక పొట్టిదై కాళ్ళు బయటికొచ్చేది ఒకటి.
ఒకే ఇంట్లో దూరిన ఇద్దరు దొంగలు
ఎదుటివాడే ఇంటాయన అనుకుని
కాఫీ పోసి మర్యాదలు చేసుకునేది ఇంకొకటి.
మూడోది ఎవరికీ నచ్చదు,
కానీ రాసినవాడి దగ్గరే హాలు తాళాలున్నాయి.
నాలుగోది ప్రతివారం మారుతుంది.

నేను కెమెరా. పగలు పెళ్ళిళ్ళు తీస్తాను.
పెళ్ళిలో ఎవరు ఎక్కడ ఏడుస్తారో
నా భుజానికి ముందే తెలుసు.
నవ్వు అలా కాదు, దొంగపిల్లి.
చూపు తిప్పేలోగా పాలు తాగి పోతుంది.

మూడో వరసలో వాల్దెమార్.
పక్కవీధిలో కుర్చీలకు పరుపులు కుట్టే మనిషి,
మా కుర్చీలకూ ఆయనే, అప్పు మీద.
ఆయన నవ్వు ట్యూబులైటు.
మీట నొక్కుతాం, హాలంతా వెలుగుతుంది, ఆరుతుంది,
అప్పుడు మినుకు మినుకుమని
వాల్దెమార్.
కుళాయిలో గాలి చిక్కినట్టు ముందు గుడగుడ,
తర్వాత ధార.
దానికి జనం మళ్ళీ నవ్వుతారు.
ఒక్క చేను, రెండు పంటలు.

"శనివారం షూటింగు," అన్నాడు దర్శకుడు ఎవరిస్తో.
"ఆయన గుడగుడ రికార్డయితే చచ్చామే.
రావద్దని చెప్పండి."
పిల్లి మెడలో గంట కట్టేదెవరు?
గురువారం ఆయనే వచ్చాడు, టోపీ చేత్తో నలుపుతూ.
మనవరాలికి బాస్కెట్‌బాల్ పోటీ ఉందట,
శనివారం రాలేనట, ఏమీ అనుకోవద్దట.
మేం విచారం నటించాం.
మా జన్మలో అంత బాగా ఎప్పుడూ నటించలేదు.

శనివారం.
కాలు విరిగిన స్టాండుకి పిండిమూట కట్టాం.
గురగురమంటుందని ఫ్రిజ్ ఆపాం,
మళ్ళీ వెయ్యడం మరిచిపోకుండా
కారు తాళాలు అందులోనే పెట్టాం.
వాన పడలేదు. బస్సు హారను కొట్టలేదు.
దొంగలు కాఫీ ఒలకబోయలేదు.
అంతా శుభ్రంగా వచ్చింది, ఆసుపత్రి దుప్పటిలా.

రాత్రి రెండింటికి ఎడిటింగుకి కూర్చుంటే కనిపించింది.
మాట, నవ్వు, ఆ తర్వాత ఒక గుంత.
నెలీదా కప్పు ఎత్తి పట్టుకుని ఆగుతుంది.
దొంగ నోరు తెరిచి ఆగుతాడు.
పేటికలోంచి బయటికొచ్చిన కాలు కూడా ఆగుతుంది.
ఒకటిన్నర సెకను.
ఎవరి కోసమో తలుపు తీసిపెట్టినట్టు.
ఎవరూ రారు.
నాటకం ముందుకు పోతుంది.
ఇరవై మూడు గుంతలు లెక్కపెట్టాను.

"కోసెయ్," అన్నాడు ఎవరిస్తో ఫోన్లో.
ఒకటి కోశాను.
చీకట్లో మెట్టు ఉందనుకుని
కాలు వేసిన మనిషిలా తూలింది సీను.
తిరిగి అతికించాను.

మంగళవారం వాల్దెమార్ వచ్చాడు,
కిలో బిస్కోచోలు కాగితంలో చుట్టుకుని.
మనవరాలి జట్టు నలభై పాయింట్ల తేడాతో ఓడిందని
గొప్పగా చెప్పాడు.
ఫ్రిజ్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, చుట్టూ చేరాం.
మొదటి మాట. మొదటి నవ్వు. మొదటి గుంత.
గుడగుడ వచ్చి సరిగ్గా అందులో పడింది,
పాత గొళ్ళేనికి పాత గడియలా.
ఎవరిస్తో నా వైపు చూడలేదు.

రెండో గుంత దగ్గర
ఆయన నోటి నిండా బిస్కోచో ఉంది.
ఆగాం,
తెర లోపలి వాళ్ళూ, బయటివాళ్ళూ,
అందరం.