అందాజ

గోడకు అంటించిన టైంటేబుల్ల
వంటకు గడి లేదు.
పొద్దుగాల నాలుగింటికి పాలిటీ, ఆరింటికి ఎకానమీ.
అన్నానికి పదిహేను నిమిషాలు, అదీ
నయీంనగర్ కర్రీ పాయింట్ కవరు ముడి విప్పేదానితో కలిపి.

వంట నేర్చుకోనని పదో తరగతిలనే ఒట్టు పెట్టుకున్న.
"ఎంత సదివినా గంటె తిప్పుడు తప్పదు బిడ్డా"
అని మేనత్త అన్ననాడు.
ఆ కోపంతోనే డిగ్రీల గోల్డ్ మెడల్ తెచ్చుకున్న.

కడుపు మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలే.
ప్రిలిమ్స్ ఇంక తొంభై రోజులుందనంగ మంట మొదలైంది.
డాక్టరమ్మ చీటీ మీద రెండు మందులు రాసి
కింద "ఇంటి తిండి" అని గీత గీసింది.
ఇల్లేమో మంథని అవతల.

మేడ మీది రేకుల గదిల ఓదెలు ఉంటడు.
ఎనుమాముల మార్కెట్ల కాంటా పని.
మిర్చి సీజన్ల వాడు మెట్లెక్కితే
మూడు పోర్షన్లూ తుమ్ముతయి.
తేజానా చపాటానా అని
వాడి అంగీ వాసనతోనే చెప్పేటంత అలవాటైంది నాకు.
ఆ అలవాటుకు గూడ టైంటేబుల్ల గడి లేదు.

మొదటి పాఠానికి పొయ్యే ముట్టియ్యలే.
"పచ్చిపులుసు," అన్నడు. "కాలేది లేదు, మాడేది లేదు."
పచ్చిమిర్చీ ఉల్లిగడ్డా ఉప్పేసి చేత్తో పిసకమన్నడు.
నేను పెన్ను పట్టుకొని కూసున్న.
"ఉప్పు ఎన్ని గ్రాములు?"
"అందాజ."
"నీళ్లు?"
"అందాజ."

తప్పుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షకు
రెండేండ్ల సంది తయారైతున్న పిల్ల
అందాజను ఎట్ల నమ్ముతది?
"బస్తాను చూసి బరువు గూడ చెప్తవా?" అని ఎక్కిరించిన.
"కాంటా కంటే ముందే చెప్త. ఒక కిలో అటూ ఇటూ.
రైతు మొఖం చూస్తే
ఆ కిలో ఎటు పోవాల్నో గూడ తెలుస్తది."

అన్నం మూడు రోజులు ముద్దైంది, నాలుగోనాడు పలుకు.
పప్పు మాడిన వాసనకు ఓనరమ్మ కిందికెళ్లి కేకేసింది.
వాడు నవ్వలే.
నల్లా కింద గొంతు కూసొని
గిన్నె తెల్లగయ్యేదాక తోమి బోర్లించిండు.
మా ఇంట్ల మొగోళ్లు తిన్న పళ్లెం జరుపంగ గూడ నేను చూడలే.
ఆ రోజు ఎకానమీ ఆరింటికి మొదలుకాలే.

"ఎవలు నేర్పిన్రు?"
"మా అవ్వ బీడీలు చేస్తది.
వెయ్యి బీడీలు ఒడిచేదాక చెయ్యి తీరది.
ఏడేండ్లకే గంటె నాకు దొరికింది."
దొరికింది అన్నడు.
మా మేనత్త నోట్ల శిక్ష లెక్క ఉన్న గంటె
వాడి నోట్ల దారిల దొరికిన రూపాయి బిళ్ల లెక్కుంది.

ఏప్రిల్ ఆఖరుకు మార్కెట్ పల్చబడ్డది.
మెట్ల మీద తుమ్ములు తగ్గినయి.
వాడు సంచి సర్దుకుంటున్న చప్పుడు
రేకుల మీదికెళ్లి వినొస్తుంది.

నోట్స్ మూసిపెట్టిన.
బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు.
గ్రాములు లేవు.
గిన్నెకు అద్ది, వేలితో తూట్లు పొడిచి, నూనె పోసి,
ఎర్రగయ్యే వాసన కోసం నిలబడ్డ.
జవాబు తెలువకుంటనే
మొదటిసారి గోళం దిద్దినట్టు గుండె కొట్టుకుంది.

మెట్ల మీద కూసొని సర్వపిండి తుంచిండు.
శానాసేపు నమిలిండు.
"ఉప్పు తక్కువైంది."
అబద్ధం చెప్పనందుకు మస్తు కోపమొచ్చింది,
అంతకంటే మస్తు ఇంకేదో.

"మళ్ల ఎప్పుడొస్తవ్?"
"పరీక్ష ఎన్నడు?"
"ఇరవై ఐదు."
"ఇరవై నాలుగు రాత్రికి వస్త. పొద్దుగాల అన్నం నేనొండుత."
"అందాజనా?"
"కాదు," అన్నడు,
ఉప్పు తక్కువైన ముక్కనే మళ్ల తుంచుకుంట.