పారబోసినది

ఇక్కడ రాయి రాయి కాదు.
స్లోవేనియాలో ఈ సున్నపురాతి మెట్ట మీద
వాన మడుగు కట్టదు.
పడ్డది పడ్డట్టే మాయం.
ఏరు కనపడదు, కాలువ కనపడదు.
నేల మొత్తం ఒక జల్లెడ,
పైన కాస్త గడ్డి.

నేవెంకా ఇల్లు కడిగిన ముత్యం.
సీసాల పెట్టె దించి గుమ్మంలో నిలబడితే
ముందు నా బూట్లు చూసింది, తర్వాత నా ముఖం.
సింకు కింద తలుపు తీసి చూపించింది,
దాచలేదు, గర్వంగానే:
బ్లీచు, యాసిడ్, గొట్టం పూడితే పోసే నీలం గుళికలు,
మొగుడు పోయాక మిగిలిన పెయింటు థిన్నరు డబ్బా.
ఆయన గుండె మాత్రలు మొన్ననే టాయిలెట్లో వదిలేశానంది,
చెత్తలో వేస్తే ఏ కుక్క తింటుందోనని.
బయట తీగ మీద దుప్పట్లు
బూర్యా గాలికి తెల్లగా, కళ్ళు చెదిరేటంత తెల్లగా
టపటపా కొట్టుకుంటున్నాయి.

"మరి ఇవన్నీ ఎక్కడికి పోతాయి?"
"బయటికి."

బయట.
ఇరవై ఏళ్ళుగా పటాలు గీస్తున్నాను,
ఆ ఊరు నాకెక్కడా తగల్లేదు.

అంతకు ముందు, కింది ఊరి ఊటలో
దూది ఉండ ఒకటి కట్టి వేలాడదీశాను.
ఏడో రోజున తీసి, ఆరబెట్టి,
లాడ్జి స్నానాలగదిలో లైటు ఆర్పి
అతినీలలోహిత దీపం కింద పట్టుకున్నాను.
దూది నీలంగా వెలిగింది.
సబ్బుపొడిలో తెలుపుకి మెరుపునిచ్చే మందు అది.
ఎవరివో దుప్పట్లు
ఆ ఊటలో ఆరేసి ఉన్నాయి.
ఎవరివో తేలాలి. అందుకే ఈ గుమ్మం.

ఆమె టాయిలెట్లో రంగు పోసి మీట నొక్కాను.
లేతగడ్డి పచ్చ.
గిర్రున తిరిగి, గుటక వేసినట్టు, పోయింది.
"ఇది హాని చెయ్యదు" అన్నాను.
"నేను పోసేవీ చెయ్యవు" అంది.
ఇద్దరిలో ఒకరమే నిజం చెప్పాం.

రెండు గంటలకో సీసా.
ఇరవై రోజులు పడుతుందని నా లెక్క.
తొమ్మిదో నాటి తెల్లవారుజామున
కింది ఊళ్ళో ఆల్బీనా కాఫీకి కుళాయి తిప్పితే
కెటిల్ నిండా పచ్చిక.

నేవెంకాకి ఆల్బీనా సొంత చెల్లెలు.
నాకా సంగతి ఎవరూ చెప్పలేదు.
అమ్మ వదిలిన రాగి గుండిగ ఎవరిదని మాట తెగి
పందొమ్మిదేళ్ళు.
చర్చిలో కూడా చెరో పక్క గోడ దగ్గరే కూర్చుంటారట.

ఫోను మోగినప్పుడు నేను ఆ వంటింట్లోనే ఉన్నాను,
కాగితాల మీద సంతకం కోసం.
అవతలి గొంతు నాకూ వినపడింది:
"నేవా, నా కెటిల్లో ఉన్నవి నీ నీళ్ళేనటగా?"
నేవెంకా నీళ్ళు నమిలింది.
అవి ఏ ఊటవో నేను అడగలేదు.

పలకరింపులు లేని ఆ పందొమ్మిదేళ్ళూ
ప్రతి మంగళవారం, ఉతుకుల రోజు,
అక్క కిందికి పంపుతూనే ఉంది,
చెల్లెలు తాగుతూనే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఫోనులో గొంతు.
నేవెంకా నా వైపు చూసింది.
నా దగ్గర బోరాన్ లెక్క ఉంది, క్లోరైడు లెక్క ఉంది,
ఏ సీసా ఏ గంటకు నింపానో ఉంది.
ఆ ప్రశ్నకి మాత్రం గడి గీయలేదు.

సాయంత్రం ఆమె థిన్నరు డబ్బా పట్టుకుని
సింకు దాకా వెళ్ళింది, ఆగింది.
పెరటి దాకా వెళ్ళింది,
గోడ పక్క రాళ్ళ సందులు చూసి ఆగింది.
పారబోద్దామనే వెళ్ళింది పాపం.
పారబోసింది పారుతుందని
ఇంత వయసొచ్చాక తెలియడం
ఏమంత మంచి సంగతి కాదు.

ఇలాంటివి తీసుకుపోయే పంచాయతీ లారీ
నెలాఖరున వస్తుందని చెప్పాను.
"అప్పటిదాకా?"

అప్పటిదాకా
ఆ డబ్బా వంటింటి బల్ల మీదే ఉంది,
కింద ఒక శుభ్రమైన తెల్లగుడ్డ వేసుకుని,
భోజనానికి పిలిచిన మనిషిలా.