నాలుగో ప్రతివాది

పైన చెప్పిన నాలుగో ప్రతివాదిని నేనే.
మండల సర్వేయరు, వయసు యాభై మూడు,
సంగతులన్నీ బాగా ఎరిగినవాణ్ణని
మొదటి పేరాలోనే టైపు కొట్టి పెట్టారు.

మొదటి ప్రతివాది ప్రభుత్వం. దానికి మొహం లేదు.
రెండో ఆయన కలెక్టరు, ఇటువైపు రాడు.
మూడో ఆయన ఇంజనీరు, బదిలీ మీద కడపకు పోయినాడు.
మిగిలింది నేను,
కళ్యాణదుర్గం కోర్టు వరండాలో
తిరగని ఫ్యాను కింద
సంతకానికి పనికొచ్చే చెయ్యి.

"ఏం రాశారు సార్?"
"ఏముంది, ఎప్పుడూ రాసేదే" అన్నాడు జీపీ గారు.
పోయిన నెల కంబదూరు కేసు తీసి పేర్లు మార్చాడు.
ఒక్కచోట మరిచాడు.
మారెక్క ఉండాల్సిన చోట ఇంకా
పెద్ద నాగన్న ఉన్నాడు,
ఎవరో, ఏం పోగొట్టుకున్నాడో.

రెండు నెలల ముందు నోటీసు ఇవ్వలేదు.
భూమి ఇష్టపూర్వకంగానే ఇచ్చింది.
ఊట చెరువు ఊరందరి మేలుకు.
అన్నిటికీ మించి, మూడేండ్లు దాటింది,
దావాకు కాలదోషం పట్టింది.
కావున ఖర్చులతో సహా
కొట్టివేయవలసిందిగా ప్రార్థన.

ప్రార్థన మా ఇంట్లో మా ఆవిడ చేస్తుంది,
నాకు అలవాటు లేదు.
కొట్టివేయడం మాత్రం తెలుసు.
మా దిక్కు ఎండ కొడుతుంది, గాలి కొడుతుంది,
వాన ఒక్కటే కొట్టదు.
అడంగల్‌లో ఆమె పేరు మీద
ఎర్రసిరా గీత కొట్టింది నేనే.

శనక్కాయ చెట్లు ఊడలు దిగే దినాలవి.
గొలుసు పట్టుకోని పోయినాను.
ఎకరా అరవై సెంట్లు, నాలుగు రాళ్లు.
గట్టు మీద కూర్చోబెట్టి మజ్జిగ పోసి
"రవ్వంత అటు జరిపి కొలవగూడదా సామీ" అనింది.
ఫీల్డు బుక్కులో పెన్సిలుతో రాసుకున్నా:
పట్టాదారు ఒప్పుకోలేదు. నోటిమాట.
ఆ బుక్కు బీరువాలో ఉంది.
బీరువా తాళంచెవి ఇదిగో, నా మొలతాడుకే ఉంది.
జీపీ గారు అడగలేదు.
అడగనిదానికి జవాబు చెప్పకపోవడం
ముప్పై ఏండ్ల నౌకరీలో నేను నేర్చిన విద్య.

సంతకం చేశాను. చెయ్యేమీ వణకలేదు.

మెట్ల దగ్గర ఆమె, చేతిలో నకలు.
"నువ్వే గదా గొలుసు పట్టుకోని వచ్చినోడివి.
ఇదేందో చదివి చెప్పు,
మా వకీలు టీకి పోయి గంటాయె."

చదివాను, నిదానంగా.
నాగన్న వచ్చినచోట మారెక్క అని దిద్ది చదివాను.
కాలదోషం దగ్గర ఆపింది.
"అంటే?"
"కాలం మీరిపోయిందని."
"దోషం కాలానిదేనని రాసినారా?"
"అట్లనే అనుకో."
"నిజమే రాసినారు సామీ.
ఆ యేడు వాన లేదు, మరుసటేడు లేదు,
చెరువు తవ్వినారు, గుక్కెడు నీళ్లు చేరలే.
పిల్లోళ్లు దాంట్లో క్రికెట్టు ఆడతాండారు.
మరి దోషం దానిదైతే
నన్నెందుకు కొట్టేయమంటాండారు?"

బంట్రోతు కేక వేశాడు, బతికిపోయాను.
పద్దెనిమిదో తేదీకి వాయిదా.
జడ్జిగారు తల ఎత్తలేదు,
ఆయన ముందు కట్ట మీద కట్ట.

మా దిక్కు పోయేది నాలుగున్నర బస్సు ఒక్కటే.
నిలబడి ఉంటే చూసి
సీటు మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.
సంచిలో ఏవో మాత్రలు, ఒక కొబ్బరిచిప్ప, నా సంతకం.
టికెట్టు ఎవరిది వాళ్లమే కొన్నాం.

మలుపులో కట్ట కనిపించేసరికి
ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.
ఎండిన చెరువు వెంబడి
నేను అలవాటు కొద్దీ
గొలుసులు లెక్కపెట్టాను.