మనం, మేం

తర్లుపాడు రోడ్డు పక్క షెడ్డులో
పలకరాయి కోస్తుంటే లేచే దుమ్ము
మధ్యాహ్నానికల్లా
అందరి కనుబొమ్మల్నీ ముసలివి చేస్తుంది.

అక్కడ చిట్టా రాసేది ఏసోబు సారు.
ఒకప్పుడు మార్కాపురం కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడు.
చివరి ఏడు ముగ్గురు పిల్లలు,
ఆ మరుసటేడు ఖాళీ బెంచీలు,
ఆపైన ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారు.

మొన్న ప్రచారం ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది.
"మన కొండ, మన సొరంగం, మన నీళ్లు
మనం తెచ్చుకుందాం!"
నాకు ఒళ్లు జలదరించింది. దాచుకోను.
మీరాంబీ మాత్రం
పలక అంచు నున్నగా రుద్దుతూ, తలెత్తకుండా,
"సారూ, ఆ మనంలో నేనున్నానా?" అంది.

సారు వెంటనే పలకలేదు.
విరిగిన ముక్కొకటి ఏరి, ఊది,
రెండే మాటలు రాశాడు:
మనం
మేం

"చాలా భాషలు ఈ రెంటినీ
ఒక్క మాటతో సరిపెట్టుకుంటాయమ్మా.
మన తెలుక్కి ఆ వీలు లేదు.
ఎదుటి మనిషిని లోపల కూర్చోబెట్టామో
గుమ్మం బయటే నిలబెట్టామో
నోరు తెరవగానే బయటపడాల్సిందే."

నా సద్దిమూట కట్టిన కాగితం
పాత పేపరు. విప్పి చూశాను.
అదే మొహం, గెలిచిన మర్నాటి దండలతో.
మేం ఇచ్చాం. మేం వేశాం. మేం మంజూరు చేశాం.
పప్పు మరక
రెండో "మేం" మీద పడి ఉంది.

"ఇదంతా తెలిస్తే నీళ్లొస్తాయా సారూ?"
ఎగతాళిగానే అడిగాను.
"రావు.
ఎవరికి రాలేదో తెలుస్తుంది."

నవ్వాం. మీరాంబీ నవ్వలేదు.
"పోయినేడు నూరు పలకలకి కూలి పెంచమని
ఓనరు దగ్గరికి పోయింది ఎవరన్నా?
మీరు ఆడోళ్లు, ఉండండి, మేం అడిగొస్తామన్నది
ఎవురు?"

కోత మిషను ముందు నిలబడేది నేనే.
అడిగొచ్చింది నేనే.
పెరిగింది కోతకి.
రుద్దేవాళ్లకి పెరగలేదు.
ఏడాది గడిచిందాకా
అది రాజకీయమని నాకు తోచలేదు,
రాజకీయమంటే ఆటోలో వచ్చేది అనుకున్నాను.

సారు ముక్కను చిట్టా మీద బరువుగా పెట్టి
లెక్కల్లో పడ్డాడు.

ఈ పొద్దు మళ్లీ ఓనరు గది.
వెనక చెప్పుల చప్పుడు,
ఎందరొచ్చారో తిరిగి చూడలేదు.
"ఏంది, చెప్పు" అన్నాడాయన.
ఆ రెండు మాటలకీ
ముందు పెదాలు మూసుకునేది
ఒక్కలాగే.
మూసుకున్నాయి.