లాకు తలుపు

మొదటిసారి తెర మీద చూపించినప్పుడు
అది గుండెలా లేదు.
మినపగింజంత నలుసులో
ఏదో మిణుకు మిణుకుమంటోంది,
అర్ధరాత్రి రొయ్యల చెరువు గట్టు మీద
ఎవరో బ్యాటరీ లైటు వేసి ఆర్పుతున్నట్టు.
"ఇంకా గుండె కాదండీ, గొట్టం" అంది సువార్త డాక్టరమ్మ.
"రెండు సన్న గొట్టాలు దగ్గరికొచ్చి ఒకటయ్యాయి.
గదుల్లేవు, తలుపుల్లేవు.
కొట్టుకోవడం మాత్రం మొదలెట్టేసింది."

పాలకొల్లు నుంచి బండి మీద వస్తుంటే
తాయారు నా వీపుకి తల ఆనించి
ఏమీ మాట్లాడలేదు.
నాకే లెక్క తెగలేదు.
ఇల్లు కట్టకముందే కాపురం పెట్టిందేమిటి ఇది?

నేను లస్కర్ని. మా నాన్నా లస్కరే.
నాకు తెలిసిన నీటికి ముందు గట్టుండాలి,
గట్టుకి గేజి రాయుండాలి,
పైనుంచి ఆర్డరు రావాలి.
దీనికి ఎవరిచ్చారు ఆర్డరు?

రాత్రి అమ్మతో అన్నాను.
చేటలో బియ్యం ఏరుతూ
"పారితేనే కదరా కాలవ పడేది" అంది.
తలైనా ఎత్తలేదు.

తర్వాతి వారాల్లో ఆ గొట్టం
ఉన్న చోటు చాలక కుడివైపుకి వొంగి
ఏటి పాయలా మెలి తిరిగిందట.
కిందున్నది పైకి పోయిందట.
నడిమధ్య ఒండ్రు మేట వేసినట్టు
కొంచెం కొంచెం గోడ లేచిందట.
నేను లాకు దగ్గర గుర్రపుడెక్క లాగుతున్న రోజులవి,
బొమ్మిడాయిల పులుసు వాసన పడక
తాయారు పెరట్లోనే కూర్చునేది.
ఇద్దరికీ ఏమీ తెలీదు.

మాఘంలో పెద్ద స్కాను.
దాళ్వాకి వంతులు వేసిన రోజులు.
రాత్రి పన్నెండింటికి గేటు దించి
దిగువ ఊరివాళ్ళ చేత తిట్లు తిని
నిద్ర లేని కళ్ళతో కూర్చున్నాను.
తెర మీద ఎరుపూ నీలమూ, నాలుగు గదులు.
పై రెండు గదుల మధ్య గోడలో కంత.
నేనే ముందు చూశాను,
లస్కరు కన్ను గండిని దాటిపోదు.
"గండి పడింది కదండీ" అన్నాను.
తాయారు చెయ్యి నా చేతిలో చల్లబడింది.

డాక్టరమ్మ నవ్వలేదు.
అందుకే ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవం.
"గండి కాదు, తలుపు. అందరు పిల్లలకీ ఉంటుంది.
బిడ్డ నీళ్ళలో ఉంది, ఊపిరితిత్తులకి ఇంకా పని లేదు.
అటు పోవాల్సిన నెత్తురు
చాలావరకు ఈ అడ్డదారిన దాటుతుంది.
తొలి ఊపిరి తీసుకున్నాక
అవతలి గదిలో ఒత్తిడి పెరిగి
ఆ రెక్క దానంతటదే వాలుతుంది."

మా లాకు తలుపులు గుర్తొచ్చాయి.
టేకు చెక్క, ఇనప పట్టీలు,
రెండువైపులా నీళ్ళు సమం కాకపోతే
పదిమంది తోసినా కదిలేవి కాదు, నాన్న చెప్పేవాడు.
పడవలు పోయి ఎన్నేళ్ళో.
ఒకటి సగం తెరిచినట్టే పాతుకుపోయింది.
దాని మీద కొంగ కూర్చుంటుంది.

చైత్రంలో కాలవ కట్టేశారు.
అడుగున బురద బీటలిచ్చింది,
ఆల్చిప్పలూ, ఎవరిదో ఒంటి చెప్పూ.
ఇంటికొచ్చి తాయారు కడుపు మీద చెవి పెడితే
ఉడుకు తప్ప ఏమీ వినబడేది కాదు.
"వినబడిందా?" అనేది.
ఊఁ అనేవాణ్ణి.

జ్యేష్ఠంలో నీళ్ళు వదిలిన రెండోనాడు
తొలి నీరు ఎర్రగా, నురగతో
చెత్తంతా ముందుకు తోసుకుంటూ వచ్చింది.
నేను గేటు చక్రం దగ్గరున్నాను.
అమ్మ ఫోన్లో ఏమీ చెప్పకుండా
ఏడుపు వినిపించింది.
ఎక్కడో గోరంత రెక్క వాలుతూ ఉంటుంది,
చప్పుడు లేకుండా.
చక్రం ఎన్ని చుట్లు తిప్పానో మర్చిపోయి
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.

నలుగురిలో ఒకరికి ఆ తలుపు
పూర్తిగా అతుక్కోదట.
ఓరగా ఉండిపోతుందట ముసలితనం దాకా,
చాలామందికి తెలియను కూడా తెలియదట.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురం.
పిల్లకింకా పేరు పెట్టలేదు.
ఆ ఒకరూ అమ్మేననుకుంటాను.
ఎంత చెప్పినా వినదు,
రాత్రిళ్ళు వీధి తలుపు గడియ పెట్టదు.