రోంత మెత్తన

బెంగళూరు సేటు కొడుకు విసుగొచ్చి పారేస్తే
బండల లారీలో, వరిగడ్డిలో చుట్టుకొని
తాడిపత్రికి వచ్చిన బండి ఇది.
మూరెడు ట్రక్కు, వేలెడు ఇంజన్.
చల్లగా ఉన్నంతసేపు కూత కూస్తాది,
వేడెక్కితే పెన్న ఇసుకలో మొండికేస్తాది.

దస్తగిరి ఫ్లైవీల్ మీద బొటనవేలు పెట్టి తిప్పినాడు.
"మంచి పిస్టన్ పైకొచ్చినప్పుడు పట్టుకుంటాది అబ్బీ,
వేలికి తెలుస్తాది.
ఇది యాడా పట్టుకోల్యా."
స్లీవ్ ఊడదీసి ట్యూబులైటుకు ఎత్తి చూపినాడు.
లోపల నిలువునా గీతలు,
సన్నవి, ఎవరో గుండుసూదితో గీసినట్టు.

మా ఊరి గాలి తాగిన గీతలవి.
బండల పిండి
ఆరేసిన చొక్కా మీద, సంగటి గిన్నె మూత మీద.
"ఫిల్టర్‌కు నూనెలో తడిపిన స్పాంజి పెట్టుంటే
ఇంజన్ ఇంగో మూడేండ్లు బతికేది" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది.
పదకొండేండ్లు పాలిష్ మిషన్ ముందర
నేను మూతికి కట్టుకునింది తుండుగుడ్డ.
నన్ను ఊడదీసి
ఏ లైటుకు ఎత్తి చూస్తారో.

జీతంలో కోత పెట్టుకొని తెప్పించినా:
పిస్టన్, స్లీవ్, రెండు బేరింగులు, గ్లో ప్లగ్గు,
పండ్లూడిన ప్లాస్టిక్ గేరుకు బదులు
నిగనిగలాడే ఉక్కు గేరు.
మూడు ట్యాంకులు తొందరపెట్టకుండా
వాకిట్లో నిదానంగా తిరగనిచ్చినా.
తెల్లటి పొగ. పొగలో ఆముదం.
ఈ నైట్రో ఆయిల్‌లోనూ ఆముదమే కలుపుతారంట!
చెనక్కాయ చేను సాళ్ల నడుమ మా అవ్వ వేసిన ఆముదాలు
యాడ తిరిగి యాడికొచ్చినాయో.
ఓబుళమ్మ తలుపు తీసి
"ఎవరికి తలంటుతాండావు?" అనింది.

ఆదివారం పెన్నలో నాలుగు చుట్లు.
ఐదో చుట్టులో గులకరాయి ఎక్కి దూకింది,
పడినచోటే ఉండిపోయింది.
ఇంజన్ అరుస్తానే ఉంది, చక్రం కదల్లేదు.
ఉక్కు గేరు చెక్కుచెదరలా.
దాని వెనక డిఫరెన్షియల్
జొన్నపిండి.

దస్తగిరి తిట్టలేదు. బీడీ ఆర్పినాడు.
"దెబ్బ యాడికో ఒక చోటికి పోవాల గదా.
నువ్వు గేరును గట్టి చేస్తివి,
అది తినాల్సిన దెబ్బ వెనకోడు తినె.
చవకది విరగనీ సామీ.
రోంత మెత్తన యాడన్నా ఉండాల."

మళ్లీ ప్లాస్టిక్ గేరే బిగించినా.
ఇంకోటి చొక్కా జేబులో పెట్టుకున్నా.
ఉక్కుది కిటికీలో ఉంది,
ఓబుళమ్మ దాని కింద కరెంటు బిల్లులు పెట్టింది.

రాత్రి దగ్గు తెర ఒకటి వచ్చి పోయినాక
చీకట్లోనే ఫ్లైవీల్ తడిమి తిప్పినా.
పైకొచ్చింది.
పట్టుకునింది.