కిటికీ దగ్గర

పెలోటస్, బ్రెజిల్. యూనివర్సిటీ మూడో అంతస్తు.
కోటా సీటుకి అయిదుగురు కూర్చుని
ముఖం చూసి తేలుస్తారు
ఎవరు నల్లవాళ్లో.

తమ్ముడు వాల్దెసిర్‌కి రెండు నిమిషాలు.
నన్ను మాత్రం కిటికీ దగ్గరికి రమ్మన్నారు,
వెలుతురు చాల్లేదట.

ఒకే కడుపున పుట్టాం.
పోలీసులు బస్సాపితే
దింపేది వాణ్ణే, కాదనను.
వాడి సంచి ఒళ్లో పెట్టుకుని
నేను సీట్లోనే ఉంటాను.

అమ్మమ్మ జుల్మీరా
కాలిన ఇనప దువ్వెనతో నా జుట్టు సాపు చేస్తూ
"నువ్వైనా గట్టెక్కుతావే" అనేది.
చెవి పైన మచ్చ ఇంకా ఉంది.

ఆ గట్టు మీంచి వెనక్కి ఈదొచ్చానని
ఏ గడిలో రాయను?

"ఏమన్నారు?"
"ఉత్తరం వస్తుందట."

మెట్ల మీద, ఎండలో
వాడు నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి
చూడకుండానే
తీసేశాడు.